అమ్మకు తుంటి ఆపరేషన్ అయింది, ఎల్లుండి డిశ్చార్జ్: ఊరికి తీసుకెళ్లాలా, తిరుపతిలోనే ఉంచాలా?

మీరు అడిగింది ఇదీ: అమ్మకు 74 ఏళ్లు, షుగరూ బీపీ ఉన్నాయి, బాత్రూమ్‌లో జారిపడి తుంటి దగ్గర ఎముక విరిగింది, తిరుపతిలో ఆపరేషన్ చేశారు, ఎల్లుండి పంపించేస్తామంటున్నారు. ఊరు పాకాల దగ్గర పల్లె, అక్కడ 79 ఏళ్ల నాన్న ఒక్కరే ఉంటారు. మీకు బెంగళూరులో ఉద్యోగం, పది రోజుల సెలవే ఉంది. ఊరికి తీసుకెళ్లాలా, తిరుపతిలో ఇల్లు తీసుకోవాలా, బెంగళూరుకు తీసుకెళ్లాలా, నర్సును పెట్టాలా అని.

నేను డాక్టర్ని కాను. తిరుపతిలో ఉంటాను. మా నాయనకు ఇదే ఎముక విరిగి ఆపరేషన్ అయితే ఇంటికి తెచ్చుకుని చూసుకున్నాం. మంచం పక్కన ఉన్నవాళ్లకు తెలిసేదే చెప్తున్నాను, మందుల సంగతి మాత్రం మీ సర్జన్ చెప్పిందే ఫైనల్.

సూటిగా చెప్పాలంటే, కుట్లు తీసేదాకా తిరుపతిలోనే ఉంచండి. బెంగళూరు ఇప్పుడు వద్దు. నర్సు అక్కర్లేదు, ఆడమనిషి అటెండెంటు చాలు. ఫిజియోథెరపిస్టు మాత్రం ఉండి తీరాలి. అయితే వీటన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. రాత్రిపూట అమ్మ పక్కన పడుకునేది ఎవరు? ఆ మనిషి ఎవరైతే, వాళ్లు రేపు వార్డులో ఉండాలి.

మన దగ్గర డిశ్చార్జ్ ఎలా జరుగుతుందో మీకూ తెలుసు. బిల్లు కట్టే కొడుకు కౌంటర్ దగ్గర నిలబడి ఉంటాడు. సిస్టర్ కాగితాలు ఆయన చేతికే ఇచ్చి, ఏ మాత్ర ఎప్పుడో గబగబా చెప్పేస్తుంది. ఆయన తలూపుతాడు. నాలుగు రోజులు ఉండి బస్సెక్కి వెళ్లిపోతాడు. ఇంట్లో లేపేది, కూర్చోబెట్టేది, మాత్రలు వేసేది వేరే మనిషి. కోడలో, ముసలాయనో, జీతానికి పెట్టుకున్న అమ్మాయో. వాళ్లకు ఒక్క మాట కూడా ఎవరూ చెప్పలేదు. ఆసుపత్రి తన వంతు చెప్పేశాననుకుంటుంది, కొడుకు విన్నాననుకుంటాడు, చేయాల్సిన మనిషికి మాత్రం ఏమీ తెలియదు. ఇంటికొచ్చాక వచ్చే తిప్పలు సగం ఇక్కడ మొదలయ్యేవే.

మా ఇంట్లో ఆ పని మా వదినది అని ముందే అనుకున్నాం. డిశ్చార్జ్‌కు ముందురోజు ఆమె వార్డుకు వెళ్లి ఫిజియోథెరపిస్టు పక్కనే నిలబడింది. ఆయన చేసి చూపిస్తుంటే "అట్ల కాదు సార్, నాతో చేయించండి" అని పట్టుబట్టి, నాయనను మంచం అంచుకు జరపడం, కాళ్లు కిందికి దించడం, వాకర్ పట్టించి లేపడం, కుర్చీలో దించడం తన చేతులతోనే చేసింది. చంకల్లో చేతులు పెట్టి ఎత్తకూడదనీ, నడుముకు కట్టిన బెల్టు పట్టుకోవాలనీ అక్కడే తెలిసింది. నేను ఫోన్లో వీడియో తీశాను. తర్వాత ఇంట్లో ఎవరు డ్యూటీకొచ్చినా ముందు ఆ వీడియో చూడాల్సిందే. మీరు అటెండెంటును పెట్టుకునేట్టయితే ఆమెను డిశ్చార్జ్ రోజు నుంచి కాదు, ముందురోజు నుంచే మాట్లాడుకోండి. ఒకరోజు జీతం ఎక్కువైనా పర్వాలేదు.

ఇక డిశ్చార్జ్ రోజు. పొద్దున్నే రౌండ్స్‌లో "వెళ్లొచ్చు" అంటారు. ఇన్సూరెన్సో, ఎన్టీఆర్ వైద్య సేవో అప్రూవల్ వచ్చి బిల్లు క్లియరయ్యేసరికి సాయంత్రం దాటుతుంది. ఇల్లు చేరేసరికి చీకటి. అప్పుడు తెలుస్తుంది, రాత్రి వేయాల్సిన ఇంజెక్షన్ తేలేదని. అందుకని పొద్దున "వెళ్లొచ్చు" అన్న మాట వినగానే మందుల చీటీ అడిగి తీసుకుని, కనీసం వారానికి సరిపడా అన్నీ కొనిపెట్టుకోండి. వాకర్, కమోడ్ కుర్చీ కూడా ముందురోజే ఇంటికి చేరిపోవాలి. సర్జికల్ షాపుల్లో కొన్ని చోట్ల అద్దెకూ ఇస్తారు, అడగండి.

మందుల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ముసలివాళ్ల విషయంలో ఎక్కువగా పొరపాట్లు జరిగేది ఇక్కడే. అమ్మ ఇంట్లో ఎప్పటినుంచో వేసుకుంటున్న మాత్రలన్నీ, ఆ కవర్‌తో సహా, వార్డుకు తెప్పించండి. మా నాయన మాత్రలు ఒక బట్టల షాపు క్యారీబ్యాగులో ఉండేవి. అన్నీ మంచం మీద పరిచి డిశ్చార్జ్ కాగితంతో ఒక్కొక్కటే సరిచూస్తుంటే, బీపీకి ఇంట్లో వేసుకునేది ఒక పేరు, ఆసుపత్రి రాసింది ఇంకో పేరు. స్ట్రిప్ వెనక చిన్నక్షరాల్లో చూస్తే రెండింట్లోనూ టెల్మిసార్టానే. చూడకపోతే రెండూ వేసేవాళ్లం, బీపీ పడిపోయి వాకర్‌తో లేచి నిలబడగానే కళ్లు తిరిగేవి. పెద్ద పేర్లు కాదు, కింద చిన్నగా ఉండే మందు పేరు చదవండి. ప్రతిదానికీ డ్యూటీ డాక్టర్‌ను మూడే ముక్కలు అడగండి: ఇది కొనసాగించాలా, ఆపాలా, మోతాదు మార్చాలా? జవాబులు తెలుగులో ఒక పేజీలో రాసి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని గీతలు కొట్టి, అమ్మ మంచం దగ్గర గోడకు అంటించండి.

షుగర్ ఉంది కాబట్టి ఇంకోటి. ఆసుపత్రిలో ఇన్సులిన్ ఇచ్చి ఉంటారు. ఇంటికొచ్చాక అమ్మ సగం ఇడ్లీ తిని చాలంటుంది. ఇన్సులిన్ మోతాదు మాత్రం అదే. అలాంటప్పుడు షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు, అదీ తెల్లవారుజామున. "సరిగ్గా తినకపోతే ఎంత తగ్గించాలి, ఎవరికి ఫోన్ చేయాలి" అని ముందే అడిగి పెట్టుకోండి. గ్లూకోమీటర్ ఇంట్లో ఉండాలి. 70 కన్నా తక్కువ చూపించి, మనిషి తెలివిలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడాలి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఏ తేదీ వరకో అడిగి రాయించుకోండి. తుంటి ఆపరేషన్ తర్వాత దీన్ని ఒక్కోసారి నెల దాటి, 35 రోజుల దాకా కూడా ఇస్తారు. స్ట్రిప్ అయిపోయింది కదా అని చాలామంది మధ్యలో ఆపేస్తారు. పొట్టకు వేసే ఇంజెక్షన్ అయితే సిస్టర్ దగ్గరే నేర్చుకోండి, భయపడేంత పని కాదు. అలాగే మెడికల్ షాపులో "నొప్పి మాత్ర ఇవ్వండి" అని అడిగి తేవద్దు. షుగరూ బీపీ ఉన్నవాళ్లకు అందులో చాలా మాత్రలు కిడ్నీల మీద పడతాయి.

ఎక్కడ ఉంచాలన్న దానికి వస్తే, కుట్లు సాధారణంగా రెండు వారాల లోపు తీస్తారు. ఈలోపు గాయం చెమ్మగిల్లినా, జ్వరం వచ్చినా, కాలు వాచినా ఆపరేషన్ చేసినవాళ్ల దగ్గరికే వెళ్లాలి. పాకాల దూరమేమీ కాదు, కానీ పల్లె నుంచి రాత్రి పదకొండింటికి బండి కోసం వెతుక్కునే కష్టం వేరు. బెంగళూరు అంటే 250 కిలోమీటర్లు, కారులో కాళ్లు ముడుచుకుని ఐదారు గంటలు. తుంటికీ మంచిది కాదు, కాళ్లల్లో రక్తం గడ్డలు కట్టే భయమూ ఉంది. పైగా తెలియని ఊరు, పొద్దంతా ఒంటరిగా ఫ్లాట్‌లో.

తిరుపతిలో లాడ్జి మాత్రం వద్దు. యాత్రికుల కోసం కట్టిన గదులవి, బాత్రూమ్ టైల్స్ తడిస్తే కుర్రవాళ్లే జారతారు, రద్దీ రోజుల్లో అద్దె ఎంత చెప్తారో వెంకన్నకే తెలియాలి. చుట్టాలిల్లు కానీ, నెల రోజులకు ఇచ్చే పోర్షన్ కానీ చూడండి. కింది అంతస్తు, వెస్టర్న్ టాయిలెట్, గడపలు ఎత్తు లేని ఇల్లు. మూడూ దొరక్కపోతే కింది అంతస్తును మాత్రం వదులుకోవద్దు, టాయిలెట్ సంగతి కమోడ్ కుర్చీతో గట్టెక్కుతుంది.

ఇంటికి తీసుకెళ్లేటప్పుడు ఆటో వద్దు. కారు ముందు సీటు వెనక్కి జరిపి, కాస్త వాల్చి, కింద దిండు వేసి, ముందు పిరుదులు సీటు మీద ఆనించి తర్వాత కాళ్లు లోపలికి తిప్పాలి. మోకాళ్లు తుంటికన్నా పైకి లేవకూడదు.

అమ్మకు తుంటి కీలులో ఉండే ఎముక బంతి తీసి కొత్తది పెట్టారా (దీన్నే బంతి మార్చడం అంటారు), రాడ్డో స్క్రూలో వేశారా అన్నది మీరు రాయలేదు. బంతి మార్చి ఉంటే, సర్జన్ సరేననేదాకా కింద కూర్చోవడం, బాసింపట్టు, గొంతుక్కూర్చోవడం ఏవీ కుదరవు. వంగి కిందపడ్డది తీయకూడదు, పల్లపు కుర్చీల్లో కూర్చోకూడదు, పడుకున్నప్పుడు కాళ్ల మధ్య దిండు. పల్లెలో ఇండియన్ టాయిలెట్ అయితే ఇప్పుడే ఊరు వద్దనడానికి అదొక్కటి చాలు. ఆపరేషన్ అయిన కాలి మీద బరువు పూర్తిగా వేయొచ్చా, కొంతేనా అన్నది కాగితం మీద రాయించుకోండి.

చుట్టాలొస్తారు. హార్లిక్స్ డబ్బా, యాపిల్స్ పెట్టి, మంచం మీదే కూర్చుని, ఇట్లాగే పడి ఎవరెవరు పోయారో వరసగా చెప్తారు. మా ఇంటికొచ్చినవాళ్లలో సగంమంది "పుత్తూరు కట్టు కట్టించి ఉంటే ఈ కోతలే ఉండేవి కావు" అన్నారు. పుత్తూరు కట్టుకు తరాల పేరుంది, ఆ సంగతి మనకందరికీ తెలుసు. కానీ లోపల ఇనుము వేసి బిగించిన తుంటికి ఇక కట్టుతోనూ తైలం మర్దనాతోనూ పని లేదు, మర్దనా చేస్తే ప్రమాదం కూడా. రెండో సలహా, "కదిలించకండి, పడుకోనివ్వండి". దీన్ని అస్సలు వినకండి. ఈ వయసులో మంచాన పడి ఉంటే కండ రోజురోజుకీ కరిగిపోతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, వీపు కింద పుండ్లు పడతాయి. రోజులో నాలుగైదుసార్లు లేచి, కాస్తయినా నడిచి, కుర్చీలో కూర్చుని భోంచేయాలి. మూడో సలహా, "పప్పు పెట్టకండి, చీము పడుతుంది". పప్పు తింటే చీము పట్టదు. పప్పు, గుడ్డు, పెరుగు, చేపలు తింటే గాయం మానుతుంది, కండ నిలబడుతుంది. పథ్యం పేరుతో ముసలివాళ్లను రెండు వారాలు రొట్టె, పాల మీద ఉంచడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సంగటి ఇష్టమైతే పెట్టండి, షుగర్ ఉంది కాబట్టి ముద్ద చిన్నది చేసి, పప్పో ఆకుకూరో ఎక్కువ వేయండి.

నీళ్లు బాగా తాగుతున్నారా అని కనిపెట్టండి. టాయిలెట్‌కు లేవడానికి ఇంకొకరిని పిలవాలి కదా అని మొహమాటంతో వీళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. మలబద్ధకం, యూరిన్ ఇన్ఫెక్షన్, ఆ తర్వాత తికమక. వార్డులో పెట్టిన యూరిన్ ట్యూబ్ ఇంకా ఉంటే, తీసేయడానికి కుదురుతుందా అని డిశ్చార్జ్‌కు ముందే అడగండి.

ఆ తికమక గురించి ఎవరూ ముందు చెప్పరు, అందుకే ఎక్కువ భయపెడుతుంది. మా నాయన ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యాడు. ఇంటికొచ్చిన మొదటి రాత్రుల్లో నిద్రలేచి, దుప్పటి మడతల్లో చేత్తో వెతుకుతూ "నా బ్యాగేదీ, చిల్లర ఎవరు తీశారు" అనేవాడు. మా అమ్మను చూసి "పీలేరు ఎంతమంది?" అని అడిగాడు. పగలు మామూలే, పేపర్ చదివేవాడు. నాయనకు మతి పోయిందేమోనని మా అమ్మకు ఏడుపు. ఇది మతిమరుపు జబ్బు కాదు, ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్లలో తరచూ వచ్చేదే, డాక్టర్లు డెలీరియం అంటారు. నొప్పి, నిద్రలేమి, ఇన్ఫెక్షన్, మలబద్ధకం, కొన్ని మందులు, కళ్లజోడు పెట్టకపోవడం, ఇవన్నీ కారణాలే. వాదించకూడదు. బెడ్‌లైట్ వేసి ఉంచడం, కళ్లజోడు చెవిమిషను అందుబాటులో పెట్టడం, పగలు కునుకులు తగ్గించి వెలుతురులో కూర్చోబెట్టడం, తెలిసిన ముఖమే రాత్రి పక్కన ఉండటం. ఇవి పనిచేస్తాయి. పడుకోబెట్టడానికి మెడికల్ షాపులో నిద్రమాత్ర అడగొద్దు, తికమక ఇంకా పెరగొచ్చు. ఆసుపత్రిలో లేకుండా ఇంటికొచ్చాకే మొదలైతేనో, మనిషి మగతగా ఉంటేనో అదే రోజు డాక్టరుకు చూపించాలి.

యేల్ యూనివర్సిటీలో హార్లన్ క్రమ్‌హోల్జ్ అనే గుండె డాక్టర్ 2013లో దీని మీద రాశారు. ఆసుపత్రిలో నిద్ర లేక, సరిగ్గా తినక, నొప్పితో, మంచం మీదే ఉండి మనిషి మొత్తంగా నీరసించి బయటికి వస్తారనీ, అందుకే నెలలోపు మళ్లీ చేరేవాళ్లలో చాలామంది మొదటి జబ్బుతో కాక వేరే కారణంతో వస్తారనీ ఆయన మాట. మా ఇంట్లో చూసింది కూడా అదే. తుంటి ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు, ఇబ్బంది పెట్టినవన్నీ పక్కవే.

వెన్ను కింద, మడమల దగ్గర రోజూ ఒళ్లు తుడిచేటప్పుడు చూడండి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కితే రంగు తగ్గకపోతే అది పుండుకు మొదలు. పడుకున్నప్పుడు రెండు గంటలకోసారి ఒత్తిగిలి మార్చాలి, ఎలా తిప్పాలో ఫిజియోను అడగండి. ఎయిర్‌బెడ్ మంచిదే, కానీ అది ఉందని తిప్పడం మానకూడదు.

నాన్నగారిని మర్చిపోకండి. 79 ఏళ్ల మనిషి భార్యను లేపబోయి నడుం పట్టేస్తే మీకు ఇద్దరు పేషెంట్లు. ఎత్తే పని ఆయనకు వద్దు. గోడమీది కాగితం చూసి మాత్రలు అందించడం, ఫిజియో వచ్చిన రోజు రాసిపెట్టడం ఆయనకు అప్పగించండి. చేతిలో పని ఉంటే ఆయన టెన్షన్ కూడా తగ్గుతుంది.

నర్సు ఎందుకు వద్దన్నానంటే, గొట్టాలు, డ్రిప్‌లు, రోజూ మార్చాల్సిన పెద్ద గాయం లేనప్పుడు అమ్మకు కావాల్సింది లేపి నడిపించే మనిషి. ఆ తేడా డబ్బు ఫిజియోకు పెట్టండి. ఇంటికొచ్చే ఫిజియోలు తిరుపతిలో దొరుకుతారు, టీటీడీ వాళ్ల బర్డ్ ఆసుపత్రిలోనూ ఫిజియోథెరపీ విభాగం ఉంది. అటెండెంటుకు పగలు కన్నా రాత్రి డ్యూటీ ముఖ్యం. ఏజెన్సీ ద్వారా వస్తే ఆధార్ చూసి, ఏ పనులు చేస్తుందో ముందే మాట్లాడుకోండి. వంట కూడా చేస్తుందని అనుకుని తర్వాత గొడవపడేవాళ్లను చాలామందిని చూశాను.

మీ సెలవు ఆసుపత్రిలో ఖర్చు చేయకండి, అక్కడ సిస్టర్లున్నారు. ఆ పది రోజులూ ఇంటికొచ్చాకే వాడండి. తోబుట్టువులుంటే వాళ్లు మీ తర్వాత రావాలి, మీతో పాటు కాదు. అందరూ మొదటి వారమే వచ్చి, రెండో వారం ఎవరూ లేకపోవడం ప్రతి ఇంట్లో జరిగేదే.

ఖర్చు విషయంలో, ఆపరేషన్ ఏ పథకం కింద అయిందో అడగండి. ఆయుష్మాన్ భారత్‌లో డిశ్చార్జ్ తర్వాత 15 రోజుల మందులు, పరీక్షలు కూడా ప్యాకేజీలో భాగం. 2024 అక్టోబరు నుంచి 70 నిండినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం కోసం అందులోనే వయ వందన కార్డు ఇస్తున్నారు, నాన్నగారికి కూడా ఇప్పుడే తీసిపెట్టండి. 14567 పెద్దవాళ్ల హెల్ప్‌లైన్, సమాచారం కోసం పనికొస్తుంది.

ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే, గాయం నుంచి చీము కారితే, జ్వరం వస్తే, కాలు ఉన్నట్టుండి పొట్టిగా పక్కకు తిరిగి కనిపించి నొప్పి పెడితే ఆలస్యం చేయకండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి అయితే నేరుగా 108. రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో వార్డులో నంబరు తీసుకోండి. పగలు పలికే ఓపీ నంబరు ఇచ్చి పంపిస్తారు, అది రాత్రి పనికిరాదు.

రివ్యూకు వెళ్లినప్పుడు ఎముకల బలానికి మందు, విటమిన్ డి గురించి మీరే అడగండి. బాత్రూమ్‌లో జారితేనే తుంటి విరిగిందంటే ఎముక గుల్లబారి ఉండొచ్చు. చాలామందికి ఆ వైద్యం మొదలే కాదు, రెండో తుంటి విరిగాక గుర్తుకొస్తుంది. ఊరికి వెళ్లే సంగతి ఎక్స్‌రే చూసి సర్జన్ సరేనన్నాక చూసుకోవచ్చు, ఈలోపు పల్లెలో వెస్టర్న్ సీటు, గోడకు పట్టుకునే కడ్డీలు పెట్టించేయండి. అమ్మకు బంతి మార్చారో రాడ్డు వేశారో, తిరుపతిలో చుట్టాలు ఏ పక్క ఉన్నారో రాయండి, ఇంటికొచ్చే ఫిజియోల గురించి నాకు తెలిసినంత చెప్తాను.